నాగప్ప మగ్గం మీద సగం చీర

1961లో నేను ధర్మవరంలో ఒక చేనేత సొసైటీలో పని చీటీలు రాసేదాన్ని. బడికి పోయినదాన్ని కాను. అక్షరాలు, లెక్కలు ఇంట్లో నాయన నేర్పినవే. ఆ కాస్త చదువుకు అంత గౌరవమైన పని దొరకడం దేవుడి దయ అని ఇప్పటికీ అనుకుంటాను.

పట్టుచీరకు ఆర్డరు వస్తే దాన్ని చిన్న చిన్న పనులుగా విడదీసి ఇళ్లకు పంచడం నా వంతు. హిందూపురం నుంచి వచ్చిన పట్టును ఉడకబెట్టడానికి ఒక చీటీ, రంగుకు ఒకటి, పడుగు, అంటే నిలువు పోగులు, సిద్ధం చేయడానికి ఒకటి, అడ్డపోగుకు కండెలు చుట్టడానికి ఒకటి. ఏది ముగిస్తే ఏది మొదలవుతుందో చూసుకుంటూ పోవాలి.

ఆ ఏడు పెనుకొండ వైపు ఒక గుడి వాళ్లు అమ్మవారి కల్యాణానికి చీర చెప్పారు. ఆ నేత నాగప్పకు ఇచ్చాం. సగం నేశాక అతనికి టైఫాయిడ్ తగిలింది. మగ్గం ఉన్న గదిలోనే ఒక మూల చాప మీద పడిపోయాడు. ఒప్పుకున్న రోజుకు చీర దిగకపోతే తాను ఇచ్చిన మగ్గాన్ని వేరే ఇంటికి ఇచ్చేయడం సొసైటీ కట్టుబాటు. అతని భార్య గంగమ్మ చంకలో బిడ్డతో మా ఆఫీసుకు వచ్చింది. ఏడవలేదు.

"అక్కా, ఆయప్ప లేసేటప్పటికి మగ్గం ఆడ లేకుంటే, లేసి ఏం చేస్తాడు?" అంది.

సెక్రటరీ పడుగు దించేసి వేరేవాళ్లకు ఇద్దామన్నాడు. అది వినలేక పేటలోని నేతగాళ్లు ముగ్గురు ముందుకొచ్చారు. తమ పని ముగించుకుని సాయంత్రాలు వచ్చి తలా ఒక మూర నేస్తామన్నారు. మంచి మనసుతో అన్న మాట. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. మూరకొక చీటీ రాశాను.

ముగ్గురి వంతూ అయ్యాక పొద్దున వెలుతురులో చూశాం. అడ్డపోగును దగ్గరికి తోసే పలక దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో బరువు. ఒకచోట గట్టిగా, ఒకచోట పలచగా, గుడ్డ మీద గట్లు వేసినట్టు తెలిసిపోతోంది.

నేసినవాళ్లలో ఒకడైన రామాంజి తల గోక్కున్నాడు. "మూడు మూరలు మూడు ఊర్ల మాదిరి ఉండాయి కదప్పా. అమ్మవారు యా ఊర్లో నిలబడాల?"

గంగమ్మ మెల్లగా అంది: "ఆయప్పకు ముందే తెలుసక్కా. ఆ సప్పుడు ఇని గోడపక్కకు తిరుక్కున్యాడు."

నేసినవాళ్లే కూర్చుని ఆ మూడు మూరలూ పోగు పోగుగా విప్పారు. అది చూడడం కష్టమైంది. నాగప్ప దెబ్బకు దగ్గరి దెబ్బ ఎవరిదని నేను అడిగితే అందరూ గంగమ్మ వైపే చూశారు. పెళ్లైన కొత్తలో ఆమెకు నేత నేర్పింది నాగప్పే. మరి నువ్వే ఎందుకు కూర్చోలేదమ్మా అన్నాను.

"నేను మగ్గంలో కూర్చుంటే ఆయప్పకు గంజి ఎవరు తాపుతారక్కా? నీళ్లు యాడినుంచి వస్తాయి? ఈ బిడ్డను ఎవరెత్తుకుంటారు?"

నేను విడదీయాల్సిన పనులు అవే. ఆమె నోటితో అన్నవి అన్నట్టే రాశాను. 'గంగమ్మకు సాయం' అని రాస్తే అయ్యో అంటారే గాని ఎవరూ కదలరు. 'పొద్దున రెండు బిందెల నీళ్లు' అని రాస్తే రామాంజి భార్య తీసుకుంది. గంజి కాచి తాపడం పక్కింటి హనుమక్క తీసుకుంది. బిడ్డ నా దగ్గరికి వచ్చింది. తెగిన పోగులు అతకడం, కండెలు చుట్టడం ఆ ముగ్గురు నేతగాళ్లకు.

సెక్రటరీ చీటీలు చూసి, "సొసైటీ చీటీ మీద గంజి రాస్తారామ్మా?" అన్నాడు.

"చీరకు కావలసిన పనే కదన్నా," అన్నాను.

ఆయన సంతకం పెట్టాడు. ఆ సంతకానికి ఆయనకు నేనెప్పుడూ రుణపడి ఉంటాను.

గంగమ్మ మగ్గం గుంటలోకి దిగి కూర్చుంది. ఆ చప్పుడు వింటూ నాగప్ప నిద్రపోయాడని హనుమక్క వచ్చి చెప్పింది. చీర గడువులోపలే దిగింది. నాగప్ప లేచి కూర్చోగలిగిన రోజున దాని మీద అరచేయి ఆనించి నెమ్మదిగా జరుపుతూ ఒకచోట ఆపాడు. "ఈడ నా చెయ్యి నిలిచిపోయింది," అన్నాడు. మా కంటికి ఏమీ కనిపించలేదు. తర్వాత అతని భుజాలకు మునుపటి సత్తువ రాలేదు. గంగమ్మే నేసేది, అతను కండెలు చుట్టేవాడు. మగ్గం మాత్రం ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఏ ఆర్డరు వచ్చినా, దాన్ని ముక్కలు చేసే ముందు ఒక్క చేతిలోనే ఉండాల్సిన పని ఏదో వెతికేదాన్ని. అది దొరికాక, ఆ చేతికి అడ్డం పడే పనులన్నీ ఎంత చిన్నవైనా విడదీసి నలుగురికీ పంచేదాన్ని.

కల్యాణానికి పెనుకొండ వైపు ఆ గుడికి మేమూ వెళ్లాం. చీర ఎవరు నేశారని జనం అడుగుతుంటే గంగమ్మ తల వంచుకుంది. గంజి కాచి తాపిన హనుమక్క జనంలో ఎక్కడో వెనక నిలబడి ఉంది. నేను అమ్మవారికి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి హనుమక్కకూ పెట్టాను.