బెట్టా, కరువా? తేల్చిన పత్తి మొక్క

మొన్న మా మనవరాలు ఫోన్ చూసి, ఇంకొన్నాళ్లు పొడి వాతావరణమేనట తాతయ్యా అని చదివింది. మా పల్నాడులో దాన్ని బెట్ట అంటారమ్మా అంటే, అదేం మాటని నవ్వింది.

వానాకాలం నడుమ వాన ముఖం చాటేస్తే బెట్ట. మధ్యాహ్నం ఆకులు వేలాడేసిన పత్తి తెల్లారేసరికి తేరుకుంటే అది బెట్టే. తెల్లారినా తేరుకోకపోతే కరువు. ఈ రెండో మాట ఇంటిపెద్ద నోట వచ్చిందంటే మేత లేక ఎడ్లు సంతకు పోయినట్టే, అందుకే దాన్ని ఎవరూ ఊరికే అనేవారు కాదు.

ఎనభైల్లో ఒక ఏడు, నరసరావుపేట కాలేజీ నుంచి నేను కారంపూడి పక్కనున్న మా ఊరు వచ్చేసరికి గడ్డివాము అడుగంటింది. దేవుడు కన్నెర్ర చేశాడు, ఇది కరువేనని నాయన పశువుల బేరగాణ్ణి పిలిపించాడు. హేతువాద సభల్లో ఆరితేరిన నాకు ఒళ్లు మండింది. చేను చూడకుండా దేవుడి మీదికి నెట్టడమేమిటని ఎదురు తిరిగాను. అంతలో వాన కోసం ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, పాడుకుంటూ మా వాకిట్లోకి వచ్చారు. నాయనమ్మ బిందెతో దాని మీద నీళ్లు పోసింది.

"కప్పను తడిపితే మబ్బుకెట్లా తెలుస్తది, నాయనమ్మా?"

"తెలవకపోతే పాయె, ఈ ఎండలో కప్పన్నా చల్లగుంటది గదరా!" అని, నాయన వైపు తిరిగింది. "ఏందిరా, పొద్దున్నే చేలోకి పోయి చూడకుండానే కరువంటన్నావు? ఎడ్లమ్మి, వానొస్తే అరక నువ్వు లాగుతావా?"

బేరగాడు నవ్వాపుకుంటూ రేపొస్తానని లేచాడు. కప్ప సంగతి ఎలా ఉన్నా, ఎడ్ల సంగతిలో నేనూ నాయనమ్మా ఒకటయ్యాం.

తెలతెలవారుతుండగా ముగ్గురం నెర్రెలిచ్చిన చేలో ఒక మొక్క ముందు గొంతుక్కూర్చున్నాం. ఆకులు నిలబడి ఉన్నాయి. నాయన ఇంటికెళ్లి ఎడ్లకు పైమట్టి గుల్లచేసే గుంటక కట్టి, నెర్రెలు పూడి లోపలి పదును నిలిచేలా సాళ్ల నడుమ తోలాడు. వాన ఆలస్యంగానే వచ్చింది, పంట సగమే పండింది, ఎడ్లు మాత్రం మా చావిడిలోనే ఉన్నాయి. ఆ వాన కప్ప తెచ్చింది కాదని ఇప్పటికీ వాదిస్తాను.

ఇప్పుడా చేలో బోరుంది, చావిడిలో ట్రాక్టరుంది. ఆకాశం కబురు ఫోనే చెబుతోంది. అది తెలుసుకోవడం మంచిదే. కానీ దేవుణ్ణి నమ్మే కొడుకూ, కప్పకు నీళ్లు పోసే తల్లీ, దేన్నీ నమ్మని మనవడూ ఒక్క మొక్క ముందు ఊపిరి బిగబట్టి కూర్చునే తెల్లవారుజాము మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?