వరస బాగున్న అర్జీ

ఆవిణ్ని పదో తరగతి నుంచి తీయించింది మీరే. మీ పిల్లలకి గైడు కొనిచ్చి, మార్కులు రాకపోతే టీచరుదే తప్పన్న మీరే. ఏలూరులో ముప్పై ఏళ్లకి పైగా తెలుగు చెప్పిన మా టీచర్‌గారు పోయిన మంగళవారం తాడేపల్లిగూడెంలో, తమ ఇంట్లో కన్నుమూశారు. ఇప్పుడు దండేసిన ఫొటో పెట్టి 'గొప్ప గురువు' అని రాస్తున్నారు. ఆవిడుంటే ఆ మాట కింద గీత గీసి, "ఏది చూసి అన్నావు?" అని పక్కన రాసేవారు.

నేను చూసింది చెబుతాను.

రోజూ గూడెం నుంచి పాసింజర్‌లో వచ్చేవారు. సంచిలో టిఫిన్ డబ్బా, చిన్న కత్తెర. పాఠంలోని కథ మీద మా చేత వ్యాసం రాయించి, పేరాలు విడివిడిగా కత్తిరించి, ముక్కలు కలిపేసి పక్కవాడికిచ్చేవారు. వాడు మనల్ని అడక్కుండా వాటిని వరసలో పెట్టగలిగితే అది వ్యాసం. ఎలా పెట్టినా ఒకేలా ఉంటే కాదు. అంతే పరీక్ష.

నేను కొల్లేటి ఊరినుంచి బస్సులో వచ్చి చదివేవాణ్ని. ఒక పడవవాడి కథ మీద నిప్పులు కక్కుతూ రాశాను, రచయితకి పేదవాడంటే లెక్కలేదని. పక్కవాడు నా ముక్కల్ని మూడు రకాలుగా పెట్టాడు. మూడూ బాగానే ఉన్నాయి. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"కోపం ఉందయ్యా నీకు, ఉండనీ. ముందు ఏమంటున్నావో చెప్పు. అది కథలో ఎక్కడుందో చూపించు. దాన్నించి ఇది ఎలా వచ్చిందో చెప్పు. అప్పుడు ఇంకో పేరాకి వెళ్లు."

మళ్లీ చదివాను. కథలో ప్రయాణికుడికి పేరుంది, అతని కుక్కకీ పేరుంది. పడవ నడిపేవాడికి లేదు. అక్కణ్నించి మొదలుపెట్టి రాస్తే ఒక పేరా ఇంకో పేరాని పట్టుకొచ్చింది. ఈసారి పక్కవాడు ఒక్క దెబ్బకి వరస పెట్టేశాడు. ఇవాళ్టికీ పేపర్లలో నేను పోట్లాడేది ఆ పద్ధతిలోనే.

తర్వాత మా అమ్మాయి అదే బడిలో, ఆవిడ దగ్గరే పదో తరగతికొచ్చింది. తల్లిదండ్రుల మీటింగులో ఫిర్యాదు: పక్క సెక్షను పిల్లలు గైడు బట్టీపడుతుంటే మనవాళ్లు పాఠంతో వాదిస్తూ కూర్చుంటున్నారని. ఆవిడ గైడులోని జవాబొకటి కత్తిరించి ముక్కలు మా ముందు పెట్టారు. నేనొక రకంగా పెట్టాను. చేపల చెరువులున్న ఒకాయన తలకిందులుగా పెట్టాడు. రెండూ ఒకేలా ఉన్నాయి.

"చూశారా అండీ?" అన్నారు.

చూశాం. చిన్నతనంగా అనిపించింది. బయటికొచ్చాక మిగతావాళ్లు ఆవిణ్ని మార్చమని అర్జీ పెడదామన్నారు. "మీరు రాస్తారు కదండీ, మీరే రాయండి" అన్నారు నాతో.

రాశాను. అవును, 'మీరే' అన్న మాటలో మొదటివాణ్ని నేనే. నాలుగు పేరాలు, ఒకదాన్నించి ఒకటి. ఎవరు కత్తిరించినా మళ్లీ అదే వరసలో పెట్టి తీరాలి. యాజమాన్యం వారంలో ఆవిణ్ని ఆరో తరగతికి మార్చేసింది. రిటైరయ్యేదాకా అక్కడే.

ఒకసారి ఏలూరు స్టేషన్లో బెంచీ మీద కనిపించారు. అర్జీ చదివారట. నా రాత ఆవిడకి తెలియదా?

"వరస బాగుందయ్యా. ఏది చూసి అన్నావో అది మాత్రం లేదు."

పాసింజర్ వచ్చింది. ఎక్కేశారు. క్షమించమని నేను అడగలేదు, తర్వాతా అడగలేదు.

కాబట్టి అడగాల్సినవి ఇప్పుడు బడివాళ్లని అడుగుతున్నాను. గైడులోంచి దింపిన జవాబుకి మార్కులు వేయొద్దు. పిల్ల మీకు నచ్చని మాటన్నా, పాఠంలో చూపించగలిగితే మార్కు వేయండి. తెలుగు పీరియడ్ తీసుకెళ్లి లెక్కలకివ్వొద్దు. పాఠంతో వాదించడం నేర్పే టీచర్ని ఆ క్లాసులోనే ఉంచండి. ఆ అర్జీ బడి ఫైల్లోనే ఉంటుంది, బయటికి తీయండి. పిల్లల చేతికి కత్తెరిచ్చి కత్తిరించమనండి. ప్రతి ముక్క పక్కనా ఆవిడ ప్రశ్న రాయించండి. నా సంతకమున్న ముక్క పారేయొద్దు.