కల్వకుర్తి మైదానానికి రెండు పుట్టిన తేదీలతో

"ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకొని ఆదివారం పదింటికి కల్వకుర్తి మైదానానికి రండి" అని ఒక క్రీడా శిక్షణ కేంద్రం నుంచి మా చిన్నాయనకు ఫోన్ వచ్చింది. ఆయన కూతురు మమత ఎనిమిది వందల మీటర్లు పరుగెత్తుతుంది. పదహారేళ్ల లోపు ఒక గుంపు, ఆపై వాళ్లది ఇంకో గుంపు. ఒక్కో గుంపులో మొదటి ముగ్గురిని హాస్టల్లో పెట్టుకొని శిక్షణ ఇస్తారట. తిండి, బూట్లు వాళ్లవే. అన్నీ ఉచితంగా ఇచ్చేవాళ్లకు ఒరిజినల్స్ ఎందుకు? నాకు ఆ మాట నచ్చలేదు. చిన్నాయన గొర్రెలు కాస్తాడు, చదువు రాదు. ఇంగ్లీషు ఫారాలు నింపడానికి నన్ను తోడు రమ్మన్నాడు. కొత్తవాళ్లతో నేను మాట్లాడేది తక్కువ. అయినా ఆ కాగితాలు ఎవరి చేతికీ పోకుండా చూడాలని బయలుదేరాను.

నల్లగొండ బస్టాండులో ఐదున్నరకు దేవరకొండ బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు. ఏడుంబావుకు దేవరకొండలో మమత, చిన్నాయన కలిశారు. మమత ఫైలు తీసుకొని నా సంచిలో పుస్తకం కింద దాచి జిప్పు వేశాను. స్టాండు ఎదుటి బండి దగ్గర ఇడ్లీ తిన్నాం, ప్లేటు ముప్పై. మమత ఒక్క ఇడ్లీయే తిన్నది. అక్కడి నుంచి డిండి బస్సు. "ఆడోళ్లకు సున్నా, మొగోనికి పైసలు. నేను సుత చీర కట్టుకొని వస్తే అయిపోవు" అంటూ చిన్నాయన టికెట్టు తీసుకున్నాడు. దారి పొడుగునా చొక్కా జేబు తడుముకుంటూనే ఉన్నాడు. డబ్బులేమో అనుకున్నాను.

డిండిలో బస్సు మారి, శ్రీశైలం రోడ్డు మీద కొట్ర చౌరస్తాలో దిగి ఆటో ఎక్కాం. మనిషికి ఇరవై.

"క్రికెట్‌కా, పరుగుకా?" అని అడిగాడు డ్రైవరు.

"పరుగుకు" అన్నాడు చిన్నాయన.

"పిల్లకు ఎన్నేండ్లని చెప్తున్నరు?"

"చెప్పుడేంది? పదిహేను."

డ్రైవరు అద్దంలోంచి నవ్వాడు. "గీ రోడ్డున పోయేటోళ్లందరికి పదిహేనే అన్నా. నేను సుత నాలుగేండ్లు పదిహేనుల్నే ఆడిన. బౌలర్ను. గడ్డం వచ్చినంక ఎల్లగొట్టిండ్రు."

పదింటికి పది నిమిషాల ముందే చేరాం. టెంటు కింద రెండు టేబుళ్లు, ఒకటి క్రికెట్‌కు, ఒకటి పరుగుకు. రెండింటి దగ్గరా తల్లిదండ్రులు ఒకటే మాట చెబుతున్నారు, బడిలో మావాళ్లకు వయసు ఎక్కువ వేశారని. పరుగు టేబుల్ దగ్గర మెడలో విజిల్‌తో నలభై ఏళ్ల కోచ్ మేడం ఉంది. నేను మమత బడి సర్టిఫికెట్ జిరాక్సు ఇచ్చాను.

"ఇది కాదమ్మా. అసల్ది."

అసలుది చూపించాను కానీ ఒక అంచు వదల్లేదు.

"ఇడువు. నేను తినను" అన్నది. కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టి, ఎక్కడైనా చెరిపారేమోనని చూసింది. "పదహారు దాటి రెండు నెలలైంది. పెద్దోళ్ల గుంపుల ఉరకాలె."

అప్పుడు చిన్నాయన జేబులోంచి మడత కాగితం తీశాడు. మమత జనన ధ్రువపత్రం. అందులో తేదీ సరిగ్గా ఏడాది తర్వాతిది. ముద్ర సిరా కొత్తగా మెరుస్తోంది. ఉదయం నుంచి నేను అనుమానించని మనిషి ఆయనొక్కడే.

"మంద తోలుకొని అమ్రాబాద్ అడవికి పోతుంటిమి మేడం. ఇంట్ల పిల్లను చూసేటోళ్లు లేరు. వాళ్లక్కతోని పాటు బడిల ఏసినం. నాలుగేండ్ల పిల్లను సారే ఐదని రాసుకున్నడు. గొర్రెకైతే పళ్లు చూసి చెప్తం. మనిషికి కాగితమే చూస్తిరి."

మేడం ఆ కాగితం ముట్టుకోలేదు. "నీది నిజమే కావచ్చు. నాది సుత నిజమే ఉండె. తేదీ సరిచేస్తమని మావోళ్లు ఇంకో కాగితం చేయిచ్చిండ్రు. రెండు తీర్ల ఉన్నయని ఇరవై రెండేండ్లకే నా పరుగు ఆపిండ్రు. గిది నేను చూడలే. లోపల పెట్టుకో."

నిజమేనా? లేక ఆ చిన్న గుంపులో ఎవరికోసమో జాగా కాపాడుతోందా? చిన్నాయన నా మోచేయి పట్టుకున్నాడు. "నువ్వన్న ఇంగ్లీషుల చెప్పు బిడ్డా." నేను మేడం చేతిలోని అసలుది తీసుకొని ఫైల్లో పెట్టాను.

మమత వంగి బూటు తాడు బిగించుకుంటోంది. "బాపూ, పెద్దోళ్లల్లనే ఉరుకుత" అన్నది తల ఎత్తకుండానే.

ఏడుగురు, రెండు చుట్లు. చివరి మలుపు దాకా మమత మూడోది. అక్కడ పొడుగు కాళ్ల అమ్మాయి ఒకతె దాటిపోయింది. మమత నాలుగో స్థానం. చిన్న గుంపులో మొదట వచ్చిన అమ్మాయి సమయం టేబుల్ మీది కాగితంలో చూశాను. మమత అంతకంటే తొందరగా వచ్చింది. ఆ సంగతి నేను ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

"వచ్చే యేడు సుత గీ గుంపుల్నే ఉంటవు. మళ్ల రా" అన్నది మేడం. "గదే కాగితంతోని రా."

మూడింటికి తిరుగు బస్సు. చాలాసేపటికి చిన్నాయన ఆ మడత కాగితం నా ఒళ్లో పెట్టాడు. "నీ పుస్తకంల పెట్టు బిడ్డా. నా జేబుల ఉంటె మళ్ల తీస్త."

అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బడి కాగితం మీది ముద్ర అసలుది, తేదీ తప్పు. దీని మీది తేదీ నిజం, ముద్ర మీదే నమ్మకం లేదు. తేదీ నిజమని కూడా చిన్నాయన మాట తప్ప సాక్ష్యం లేదు. మేడం మీద అనుమానం నాకు పూర్తిగా పోలేదు. ఇంటికొచ్చి నా పదో తరగతి మెమో తీశాను. అందులో జూన్ నెల ఉంది. నేను బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస నాడు పుట్టానని అమ్మ ఎప్పుడూ చెబుతుంది. పెత్రమాస జూన్‌లో రాదు. అడిగితే, "కాన్వెంట్ల చేర్చేటప్పుడు సిస్టరే రాసుకున్నది" అన్నది అమ్మ, బెండకాయలు తరుగుతూ.

ఇలాంటి ఎంపికలకు వెళ్లేవాళ్లు బడి సర్టిఫికెట్, ఆధార్, జనన ధ్రువపత్రం పక్కపక్కన పెట్టి తేదీలు ఇంట్లోనే సరిచూసుకోండి. తేడా ఉంటే ముందు బడిలో అడగండి, జేబులో ఇంకో కాగితం పెట్టుకోకండి. నేను నావి చూసుకునే సరికి నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చాయి. కాగితం ప్రకారం.