బాక్స్ బ్లేడూ, కొట్టం తొవ్వా

గౌలిపురలో మా ఇంటి వెనకాల బర్ల కొట్టం ఉన్నన్నాళ్లూ మా అమ్మ ఇంట్లో చెప్పులేసుకొని ఎరగదు. కొట్టమంతా షాబాద్ బండలు. రెండు పక్కలా బర్లు, నడుమ కాలువ. కడిగిన నీళ్లు నిలవకుండా ఆ కాలువలోకి జారిపోవాలని మా తాత నేలను రెండు వైపుల నుంచీ నడిమికి వాలుగా వేయించాడు. రోజంతా ఆ వాలు మీద పాల బకెట్లు మోసీ మోసీ అమ్మకు ఒక భుజం దించి నడవడం అలవాటైపోయింది. చదునైన రోడ్డు మీదా అట్లాగే నడిచేది. గల్లీ చివర్న ఎంత గుంపులో వస్తున్నా ఆ నడక చూసి మా అమ్మే అని పట్టేసేవాణ్ణి.

ఆ కొట్టం ఇప్పుడు లేదు. గల్లీలోకి గడ్డి బండి రావడం కష్టమైంది, చుట్టుపక్కల వాళ్లకు పేడ వాసన గిట్టలేదు. మా అన్న బర్లను ఊరి బయట, శ్రీశైలం రోడ్డు వైపు తీసుకున్న జాగాలోకి తోలుకుపోయి అక్కడే ఉండిపోయాడు. నేను కంచన్‌బాగ్‌లో లేతు మిషన్ మీద పనిచేస్తూ అమ్మతో పాటు పాత ఇంట్లోనే ఉన్నాను. బర్లు వెళ్లిపోయిన రోజు అమ్మ గడప మీద నిలబడి, "మీ కొత్త కొట్టం మీకే ముబారక్. నేనైతే ఆ తొవ్వ తొక్కనే తొక్క" అంది. మా అమ్మ మాటంటే మాటే. ఆ మొండితనమే నాకూ వచ్చిందని అందరూ అంటారు, కాదని నేను చాలాసార్లు కొట్లాడాను.

అయినా ఏడాదికొకసారి కొత్త కొట్టమే అమ్మ దగ్గరకు వచ్చేది. పాత కొట్టంలో ఆఖరుగా పుట్టింది ఒక దున్నపిల్ల. తల్లి పాలివ్వకపోతే అమ్మ సీసాతో పాలు తాగించి పెంచింది. అది పెరిగి పెద్ద దున్నపోతయింది. దీపావళి వెళ్లాక దున్నపోతులను ఊరేగించే సదర్ పండుగకు అన్న దానికి నూనె రాసి, కొమ్ములకు నెమలీకలు కట్టి, మెడలో పూలదండలేసి లారీలో గౌలిపురకు తెచ్చేవాడు. మర్ఫా దరువుల మధ్య మా గడప ముందు నిలబెడితే అమ్మ బొట్టు పెట్టేది. చూపు బాగా మందగించాక చేత్తోనే చూసేది. నుదురు, మెడ, పక్కటెముకలు తడిమి, "ఏంరా, దీనికి దాణా ఏస్తున్నవా, గాలి మేపుతున్నవా?" అని అన్నను నలుగురిలో పట్టుకొని తిట్టేది. అన్న నవ్వేవాడు. ఏడాది మొత్తానికి అమ్మకు అదే పండుగ.

మొన్న వానాకాలంలో దున్నపోతు గిట్ట పగిలింది. కంకర మీద నడిపిస్తే ఇక లేవదని పశువుల డాక్టర్ చెప్పాడు. అంతకుముందైతే లారీ మెయిన్ రోడ్డు మీదే ఆగేది, అక్కడిదాకా మొరం మట్టి తొవ్వ మీద దున్నపోతును నడిపించేవాళ్లు. ఇప్పుడు లారీయే కొట్టం దాకా రావాలి. తొవ్వ చూస్తే గుంతలూ చక్రాల గాడులూ. లారీ డ్రైవర్ దూరం నుంచే దండం పెట్టాడు. "ఈ యేడాదికి వద్దు తియ్యి" అన్నాడు అన్న. ఆ మాట అమ్మకు చెప్పాను. మర్నాడు పొద్దున చాయ్ తాగుతూ, "తొవ్వ ఏమాయెరా?" అంది. ఆ మర్నాడూ అదే మాట. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

అన్న దగ్గర గడ్డికీ పేడకూ వాడే చిన్న ట్రాక్టర్ ఉంది. దాని వెనక బ్లేడు కట్టి తొవ్వ సరిచేద్దామన్నాను. అన్న సాదా బ్లేడు చాలన్నాడు.

"అది రాళ్లను పక్కకు నెట్టేస్తదే. గుంతలు గుంతల్లెక్కనే ఉంటయి" అన్నాను.

"నీకెట్ల తెలుసు? నీ లేతు మిషన్ మీద తొవ్వలేసినవా?"

"తొవ్వ గాదు, ఇనుము తెలుసు నాకు!"

అట్లా లొల్లి పెట్టుకుంటూనే వ్యవసాయ పనిముట్ల దుకాణానికి వెళ్లాం. అక్కడ చూశాం బాక్స్ బ్లేడు. అడుగూ మూతా లేని ఇనుప పెట్టెలా ఉంటుంది. ముందు వరుసగా పళ్లు. అవి గట్టిపడ్డ నేలను చీలుస్తాయి. లేచిన మొరం పక్కలకు పోకుండా రెండు వైపులా రేకులు ఆపుతాయి. వెనక బ్లేడు ఆ మొరాన్ని గుంతల్లోకి లాగి చదును చేస్తుంది. మా తొవ్వకు కావలసింది ఇదే అని నాకు చూడగానే అనిపించింది.

అన్న మాత్రం దాన్ని బర్రెను చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు, వీపు మీద చరిచాడు, భుజం ఆనించి నెట్టాడు. చివరకు వంగి ఒక్కొక్క పన్నూ పట్టి ఊపాడు. అంగట్లో మా నాన్న బర్రె నోరు తెరిచి చూసేటప్పుడు ఇట్లాగే కళ్లు చికిలించేవాడు. నాకు నవ్వొచ్చింది. "గిది తీస్కుందాం" అని అన్న అన్నింటికంటే వెడల్పైనదాన్ని చూపించాడు.

"మన ట్రాక్టర్ దాన్ని గుంజలేదు. నిండా మొరం పడితే ముందు టైర్లు పైకి లేస్తయి."

"మస్తు గుంజుతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

వెనక టైర్లంత వెడల్పుంటే చాలని దుకాణదారు నాకే వత్తాసు పలికాడు. "బడే భాయ్, ఛోటే భాయ్ సహీ బోల్‌రా. పిఛ్లే పయ్యోంకె బరాబర్ హోనా, బస్."

ఆ టైర్ల వెడల్పు నేను కొట్టం దగ్గరే దారంతో కొలిచి, ముడేసి జేబులో పెట్టుకొచ్చాను. ఆ దారం పెట్టి చూస్తే దానికి పక్కనున్న చిన్నది సరిపోయింది. రేకు దళసరిది, బరువుంది, తేలికదైతే రాళ్ల మీద ఎగురుతుంది. నేలను కోసే అంచు బోల్టులతో బిగించి ఉంది, అరిగితే విప్పి మార్చుకోవచ్చు. అన్న దాని పళ్లు మళ్లీ ఒకసారి ఊపి చూసి, "సరే, చిన్నదైనా బలుపు మంచిదే" అన్నాడు. అంతటితో మా తగువు తీరింది.

తర్వాత రెండు మూడు రోజులు మా ఇద్దరికీ చిన్నతనం తిరిగొచ్చినట్టయింది. అన్న ట్రాక్టర్ మీద, నేను వెనక నడుస్తూ "దించు, ఇంకొంచెం దించు, ఏయ్ ఆపు!" అని అరుపులు. ముందు పళ్లు దించి తొవ్వంతా చీల్చాం, తర్వాత పళ్లు పైకి బిగించి లాగాం. నీళ్లు పోయేందుకు వాలు కూడా పెట్టాం. కొట్టం గేటు దగ్గర నిలబడి చూస్తే తొవ్వ దువ్విన తలలా ఉంది. "తమ్మీ, పనిమంతులమే మనం" అన్నాడు అన్న. నేనూ మీసం దువ్వాను.

సదర్ ముందు రోజు వాన దంచింది. తెల్లారి లారీ వచ్చి తొవ్వ మొదట్లోనే దిగబడింది. నీళ్లన్నీ నడిమికొచ్చి, మెయిన్ రోడ్డు వైపు సగం తొవ్వను కాలువలా కోసేశాయి. దుకాణదారుకు ఫోన్ చేస్తే, వాలు ఎటు పెట్టారని అడిగాడు. నడిమికి అన్నాను. వేసింది రోడ్డా, కాలువా అని కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. "అరే భాయ్, రోడ్ బనాయే కీ నాలా బనాయే?"

తొవ్వంటే నడుమ ఎత్తుగా ఉండాలి, నీళ్లు రెండు పక్కలకూ పోవాలి. ఆ సంగతి ఎవరికి తెలియదు? కానీ మా చేతులకు తెలిసిన వాలు ఒక్కటే, కొట్టం వాలు. నేలను చదును చేయమంటే మేమిద్దరం అనుకోకుండానే మళ్లీ కొట్టం వేశాం. లారీని గుంజి వెనక్కి పంపించేశాం. మా మీద మాకే ఒళ్లు మండింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అప్పటికే గడప కడిగి, ముగ్గేయించి, బొట్టు గిన్నె ఒళ్లో పెట్టుకొని కూర్చుని ఉంది.

"లారీ రాదా?"

"రాదమ్మా."

కాసేపు ఆ గిన్నెను తిప్పుతూ ఉంది. తర్వాత లేచింది. "అయితే నన్నే తోల్కపో."

"ఆ తొవ్వ తొక్కనంటివి గదనే?"

"అంటిని. అయితే ఏంది? నా నోరు, నా ఇష్టం. ఆటో పిలువు."

మెయిన్ రోడ్డు దగ్గర ఆటో దిగాం. కోసుకుపోయిన చోట అంచు వెంట చెయ్యి పట్టుకొని మెల్లగా దాటించాను. కంకరలో జారుతున్నాయని చెప్పులు విడిచేసింది, అవి నేను పట్టుకున్నాను. అది దాటితే కొట్టం వైపు తొవ్వ. అక్కడ మొరం చెక్కుచెదరలేదు, వానకు తడిసి గట్టిపడింది. నాలుగడుగులు వేసి అమ్మ ఆగింది. పాదంతో నేల రాసి చూసింది. నడిమికి జరిగింది, మళ్లీ అంచుకు జరిగింది.

"అరే, గిది మన కొట్టం నేల గదరా!" అంది. "గౌలిపుర కొట్టం! ఎవ్వలు చెప్పిన్రు మీకు గిట్ల ఎయ్యమని?"

ఎవరూ చెప్పలేదన్నాను. అమ్మ నా చెయ్యి వదిలేసింది. చూపు ఆనని మనిషి, ఒక భుజం దించి, బకెట్ పట్టుకున్నట్టు చెయ్యి కొంచెం ఎడంగా పెట్టి, నాకంటే ముందు నడిచిపోయింది. గేటు దగ్గర అన్న కళ్లు తుడుచుకుంటున్నాడు. లోపలి నుంచి దున్నపోతు అరిచింది. "వస్తున్న ఆగు, నీ లొల్లి పాడుగాను" అని అమ్మ దానికి జవాబిచ్చింది.

తర్వాత మెయిన్ రోడ్డు వైపు తొవ్వను నడుమ ఎత్తు పెట్టి సరిగ్గానే వేశాం, ఇప్పుడు అక్కడిదాకా లారీలు వస్తాయి. కొట్టం వైపు తొవ్వ మాత్రం పెద్ద వాన పడ్డప్పుడల్లా కాస్త కోసుకుపోతుంది. వాన వెలిశాక అన్న బాక్స్ బ్లేడు కట్టి మళ్లీ నడిమికే వాలుగా లాగుతాడు. ప్రతి ఆదివారం అమ్మ ఆ తొవ్వ మీద చెప్పుల్లేకుండా నడిచి వస్తుంది.