పడవతో వచ్చిన తాడు

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. మా వాడిపట్టి ఊరి పక్క పొలంలో, పంపుసెట్టు గదిలో, ఎన్నో రాత్రులు ఒంటరిగా పండుకున్నాను. పక్కనే చనిపోయిన మా వాళ్ళను కాల్చే చోటు. నక్క వచ్చింది, పాము వచ్చింది, మోటరు ఎత్తుకుపోను దొంగ కూడా వచ్చినాడు. దయ్యం రాలేదు. ఎవరింట్లోనైనా పిల్లకు గాలి సోకిందంటే, ముందు దానికి కడుపునిండా అన్నం పెట్టినారా అని అడిగేదాన్ని. అందుకు మా వీధిలో నాకు మంచి పేరు లేదు.

కాబట్టి చూసింది చూసినట్టే రాస్తాను. పెంచి రాసే అవసరం నాకు లేదు.

నా కొడుకు శీను తిరుప్పూరులో ఒక బనియన్ కంపెనీలో మిషన్లు రిపేరు చేసేవాడు. మీసాలు రాకముందునుంచీ అదే పని. ఆ దూది దుమ్ము లోపలికి పోయి పోయి, నాలుగు మెట్లెక్కితే ఈల వేసినట్టు వినబడేది వాని ఊపిరి. ఇంకా ఆ దుమ్ములోనే ఉంటే మనిషి మిగలడని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. పని మానుకొని ఇంటికొచ్చేసినాడు. పెళ్ళాం, ఇద్దరు పిల్లలు. మిషను తప్ప ఇంకో పని వానికి తెలియదు.

మాకు దగ్గరలో ఉండే డ్యాములో, చూడను వచ్చేవాళ్ళను పడవల్లో తిప్పే ఒకాయన ఉండాడు. వేసవి సెలవులకు ముందే స్పీడుబోటు తెస్తే నీకే చోటు, లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. నీళ్ళ మీద దుమ్ము ఉండదు కదా, శీను దాన్నే పట్టుకున్నాడు. కొత్త బోటు మా వల్ల కాదు. పడమర కొండల కింద ఇంకో డ్యాము దగ్గర, ఇంజను చెడిపోయిన పాతది ఒకటి అమ్మకానికి ఉందని తెలిసింది. బాగు చేసుకుంటానన్నాడు.

నేను, శీను, నా తమ్ముడు గోవిందు పోయినాము. గోవిందు కోయంబత్తూరులో పంపుసెట్ల కంపెనీలో చేసి రిటైరైనాడు. ఇంజనును చూడను వాడు, మనిషిని చూడను నేను.

రేకుల షెడ్డు కింద ఉంది పడవ. తెల్లది, పక్కన నీలం గీత. దాని మూతికి ఉండే ఇనప రింగుకు లావు నైలాన్ తాడు కట్టి, ఆ తాడు రెండో కొసను షెడ్డు కంబానికి కట్టి ఉండారు. నేల మీద ఉండే పడవ యాడికి పోతుందని కట్టినారో, అప్పుడు అడగను తోచలేదు. నడిపిన మనిషి చనిపోయినాడంట. గుండెపోటు, ఇంట్లోనే. అమ్మేది ఆయన తమ్ముడు. అరవ మనిషి, మర్యాదస్తుడు.

అరవదేశంలో ఉండే మా తెలుగువాళ్ళకు ఒక అలవాటు. ఏది కొన్నా అమ్మేవాని ఎదురుగానే తెలుగులో మాట్లాడుకుంటాము. గోవిందు ముఖంలో నవ్వు తీయకుండానే, "అక్కా, ఇది పడవనా, గొడ్లకు కుడితి పోసే తొట్టినా? నువ్వు కొంచం మూతి ముడుచుకో, ఆయప్ప దిగొస్తాడు" అన్నాడు. ముడుచుకున్నాను. బేరం కుదిరింది.

బయలుదేరేటప్పుడు తాడు సంగతి వచ్చింది. మాలో గొడ్డును అమ్మితే పలుపు ఇవ్వరు. కొన్నవాడు కొత్త పలుపు తెచ్చుకోవాల, పాతది అమ్మినవాని ఇంట్లోనే ఉండిపోవాల. పాత పలుపుతో వచ్చిన గొడ్డు వెనక్కే చూస్తుందని మా అత్త అనేది. నేను దాన్నీ పెద్దగా నమ్మలేదు, అయినా ఎప్పుడూ తప్పలేదు. తాడు వాళ్ళకే ఇచ్చేయమన్నాను.

శీను నవ్వినాడు. "ఏమ్మా, ఇది పాలిస్తుందా? ఇంత గట్టి తాడు ఎవురన్నా వదిలేస్తారా?"

కంబం దగ్గర ముడి ఎంతకీ రాలేదు. ఎట్ల వేసినారో అర్థం కాలేదు. చివరికి కత్తితో రెండు కొసలా ముడులు కోసి అక్కడే పారేసి, తాడు పడవలోకి విసిరినాడు. అమ్మినాయన చూస్తూనే ఉన్నాడు.

పడవను తెచ్చి మా కొట్టంలో నిలబెట్టినాము. అందులో ఒక పక్క మా ఆవు ఉండేది. ఇంజనును విప్పి, మామా అల్లుడు ఇద్దరూ కూర్చొని కార్బొరేటర్ కడిగినారు, పిస్టన్ రింగులు మార్చినారు, ప్లగ్గులు కొత్తవి వేసినారు. ఆ ఇంజనును నీళ్ళు లేకుండా తిప్పకూడదంట. పెద్ద డ్రమ్ములో నీళ్ళు పోసి, పంకా ఉండే దాని కాలు అందులో ముంచి తాళం తిప్పినారు. రాలేదు. పెట్రోలు వస్తుంది, ప్లగ్గులో నిప్పు వస్తుంది, ఇంజను మాత్రం పట్టుకోదు. ఇన్నేళ్ళలో ఇట్లాంటిది చూడలేదన్నాడు గోవిందు.

పడవ వచ్చిన మరుసటి తెల్లారే తాడు చూసినాను. ముందురోజు చుట్ట చుట్టి మేకుకు తగిలించింది నేనే. తెల్లారి పాలు పితకను పోతే, ఒక కొస పడవ రింగుకు, ఒక కొస మా ఆవును కట్టే గుంజకు కట్టి, బిగించి ఉంది. శీను పని అనుకున్నాను. శీనేమో మామ పని అనుకున్నాడు. గోవిందు మా ఇద్దరినీ తిట్టినాడు. ముడి విప్పను ముగ్గురికీ చాతకాలేదు, మళ్ళీ కోసినాము.

ఆ తర్వాత తాడును గోనెసంచిలో వేసి, మూతి కుట్టి, నా మంచం కింద పెట్టుకున్నాను. తెల్లారి సంచి కుట్టింది కుట్టినట్టే ఉంది. తాడు కొట్టంలో ఉంది, కట్టి ఉంది. తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే చెరువు పాచి వాసన. అప్పుడు మా ఊర్లో ఎండలకు బావి అడుగు కనబడుతుండె. ఆవు కొట్టంలోకి రావడం మానేసింది. లాగితే కాళ్ళు తన్నిపెట్టి నిలబడేది.

అంతవరకు కూడా నేను మనుషులనే అనుమానించినాను. వీధిలో ఒకరిద్దరిని అడిగి మాటలు కూడా పడినాను.

ఇంగ పట్టపగలే జరిగింది. మధ్యాహ్నం ముగ్గురం అరుగు మీద అన్నం తింటున్నాము. ఎదురుగా కొట్టం, తలుపు లేదు, లోపలంతా కనబడుతుంది. తాడును చుట్ట చుట్టి, దాని మీదే కూర్చున్నాను నేను. చూస్తాను ఎట్ల పోతుందో అని. గోవిందు, అక్క గుడ్లు పొదుగుతుండాదని ఎగతాళి చేసినాడు. శీను నవ్వబోయి దగ్గినాడు. తిని, చేయి కడగను లేచినాను. నా కింద చుట్ట లేదు. అరుగు మీద నేను కూర్చున్నంత మేర తడి. కొట్టంలో తాడు గుంజకు కట్టి ఉంది, నీళ్ళు కారుతుండాయి. ముగ్గురమూ చూసినాము.

పడవను తిరిగి ఇచ్చేద్దామని అన్నది నేనే. "ఇచ్చేస్తే నేను మళ్ళీ తిరుప్పూరుకే పోవాలమ్మా" అన్నాడు శీను. ఆ ఒక్క మాట చెప్పేలోపే వానికి ఊపిరి ఈల వేసింది.

సరే, పడవ ఉండనీ, తాడు ఇచ్చేసి వద్దామన్నాను. రింగు పక్క కొస కోసి, గుంజను నేలలోనుంచి పెరికి, దాని ముడిని విప్పకుండా అట్లే జార్చి తీసి, నేనూ గోవిందూ బస్సెక్కినాము. శీను ఇంజను దగ్గరే ఉండిపోయినాడు.

పడవ అమ్మినాయన మమ్మల్ని చూసి బాగానే పలకరించినాడు. ముడిని చూసినాక కూర్చుండిపోయినాడు. దీన్ని ఎవరు కట్టినారని అడిగినాడు. తెలియదన్నాము. ఆయన చెప్పింది ఇది: వాళ్ళ అన్నకు కుడిచేతిలో చివరి రెండు వేళ్ళు లేవు, ఎప్పుడో ఇనప చక్రంలో పడి పోయినాయి. ఉన్న మూడు వేళ్ళతో ఆయన తనకు కుదిరినట్టు వేసుకునే ముడి ఇది. ఇంట్లో ఇంకెవరికీ రాదు. షెడ్డులో ఉండింది ఆయన వేసిందే. దాన్ని మీ కొడుకు మా కళ్ళముందే కోసి పారేసినాడు కదమ్మా అన్నాడు.

తాడు తీసుకోమంటే ఆయన చేయి చాపలేదు. లోపలినుంచి చనిపోయినాయన భార్య వచ్చింది. మాటలన్నీ విన్నట్టుంది. తాడు నా చేతిలోనుంచి తీసుకుంది.

"ఇప్పుడు పడవ నడిపేది ఎవరు?" అని అరవంలో అడిగింది.

"నా కొడుకు."

"మంచివాడా?"

మంచివాడే అన్నాను. సరి, పోయి రండి అని తాడుతో లోపలికి పోయింది.

బస్సులో గోవిందు, "అక్కా, ఆ వేళ్ళ సంగతి శీనుకు చెప్పొద్దు. భయం పట్టుకుంటే వాడు పడవను ముట్టడు" అన్నాడు. ఒప్పుకున్నాను. ఇప్పటివరకూ చెప్పలేదు, గోవిందూ చెప్పలేదు.

మేము వీధి మొదట్లో ఉండగానే ఇంజను చప్పుడు వినబడింది. అదే ప్లగ్గు, అదే పెట్రోలు, మధ్యాహ్నం తాళం తిప్పితే పట్టుకుందన్నాడు శీను. లోపల అడ్డుపడిన మడ్డి ఏదో కరిగి ఉంటుందన్నాడు గోవిందు. అట్ల కూడా ఉండొచ్చు. ఆవు ఆ పొద్దే కొట్టంలోకి తానుగా పోయింది.

సెలవులకు ముందే పడవ నీళ్ళలో పడింది. కొత్త తాడు నేనే కొనిచ్చినాను.

సెలవులు సగం అయినాక శీనును చూసి వద్దామని పోయినాను. డ్యాము మెట్లు వాడు నా ముందు గబగబా ఎక్కొచ్చినాడు, ఈల లేదు. నాకు కడుపు నిండిపోయింది. ఇంకా వెలుతురు ఉండగానే ఆఖరు జనాన్ని దించి, పడవను గట్టుకు కట్టను కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడి చూసినాను. కుడిచేతి చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి మడిచి పెట్టుకున్నాడు. మిగిలిన మూడింటితో తాడు తిప్పి, లోపలికి దూర్చి, లాగినాడు. అదే ముడి.

"ఆ రెండు వేళ్ళకు ఏమైందిరా?"

చేయి చూసుకున్నాడు. తెరిచినాడు, మూసినాడు. "ఏమీ కాలేదే. ఎందుకమ్మా?"

ఊరికే అడిగినానన్నాను.

ఇంటికి వచ్చినప్పుడు కనిపెట్టి చూసినాను. అన్నం ఐదు వేళ్ళతోనే తింటాడు. ఆవును కడితే మామూలు ముడే వేస్తాడు. పడవ దగ్గర మాత్రమే అట్ల. ముడిని కొట్టంలో చూసి చూసి చేతికి వచ్చేసి ఉంటుందని గోవిందు అంటాడు. ముడి వచ్చిందనుకో, వేళ్ళు మడిచేది ఎట్ల వచ్చిందిరా అంటే వాడు లేచి వెళ్ళిపోతాడు.

నేను ఎవరికైనా ముఖం మీదే చెప్పేసే మనిషిని. ఇది మాత్రం చెప్పలేకపోయినాను. చెప్తే పడవ వదిలేస్తాడు. వదిలేస్తే మళ్ళీ ఆ దుమ్ములోకే. వాడు రాత్రి పండుకుంటే ఇప్పుడు పక్క గదిలోకి ఊపిరి వినబడదు. ఒక్కోసారి నేనే లేచి, ఉందా అని చూసి వస్తాను.

మా ఇంట్లో తెలుగు నోటితోనే. చదువుకున్నవాళ్ళందరూ అరవంలోనే చదువుకున్నారు. నేను ఈ అక్షరాలు తల నెరిసినాక, మా వీధి టీచరమ్మ ముందు పలక పట్టుకొని నేర్చుకున్నాను. ఎవరికైనా చెప్పకుండా ఉండలేకపోయినాను, అంతే. శీనుకు తెలుగు చదవను రాదు. అందుకే దీన్ని తెలుగులో రాసినాను.