మరుజన్మకు వాయిదా వేసిన నోరు

సహోదరులారా, సహోదరీలారా, మన భిలాయిలో దేవుడితో మరుజన్మకు బేరం కుదుర్చుకున్న క్రైస్తవురాలిని నేనొక్కదాన్నే, అంత తెలివి మీలో ఇంకెవరికీ రాలేదు. మా నాన్న నడిపిన స్టీలు సామాన్ల కొట్టు ఇప్పుడు నాది. గిన్నె అడిగినవాళ్ళకి మూత కూడా అంటగట్టి పంపే వంశం, దేవుణ్ణి మాత్రం ఊరికే వదులుతానా?

నాకు గుడాఖు అలవాటు. పొగాకు, బెల్లం కలిపిన ఆ నల్లముద్దను పొద్దున్నే పళ్ళకి రాసుకునేదాన్ని, గిరాకీ తగ్గినప్పుడల్లా మళ్ళీ రాసుకునేదాన్ని, ఆదివారం మాత్రం లవంగం నమిలి మీ మధ్య పరిశుద్ధంగా కూర్చునేదాన్ని. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ లేచింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఈ వారమే రమ్మంది డాక్టరమ్మ. నేను వెళ్ళలేదు. కత్తంటే భయమని ఒప్పుకోవడం నామోషీ, అందుకని ఒక సిద్ధాంతం తయారుచేసి వైశాలి నగర్‌లో స్త్రీల కూటంలో బయటపెట్టాను.

"దేవుడికి నిన్నా రేపూ లేవంటారు కదా, ఏమీ లేనిచోట ఇంత లోకాన్ని చేశాడు కదా, నాకింకో ఒళ్ళు చెయ్యడం ఆయనకెంత పని? ఈ నోరు ఇలా పోనీండి, వచ్చే జన్మలో శుభ్రమైన నోటితో స్తుతిస్తాను."

అందరూ నవ్వారు. సెక్టర్ 2 నుంచి వచ్చే సలోమి పిన్ని మాత్రం నవ్వలేదు. విజయనగరం వైపు మనిషి.

"ఏటే, ఆయనకి రేపు నేదని నువ్వే అంతన్నావు. మరి రేపిత్తానంతే ఎవులికిత్తావు? ఆయన కాడున్నది నేడే."

"అది కాదు పిన్నీ, ఇంకో జన్మ..."

"ఇంకోదాన్ని సేత్తే అది ఇంకోత్తి అవుద్ది, నువ్వెందుకవుతావే? నిన్ను సేసింది ఒక్కపాలే. ముందు నోరు తెరు, సూడనీ."

ఫోను లైటు వేసి చూసి, ఆస్పత్రికి ఆటో పిలిచింది.

ఆ మాట నాలో ఏం చేసిందో ఎలా చెప్పను! కాలం లేని దేవుడంటే తీరిగ్గా కూర్చున్న దేవుడనుకున్నాను, కాదు సహోదరులారా, నా పుట్టుకనూ నా మచ్చనూ నా చావునూ ఒకేసారి చూస్తూ, నన్ను చేస్తున్న చెయ్యి ఇంకా తియ్యకుండా నా మీదే ఉంచిన దేవుడు! ఆటోలో ప్రార్థించాను: "ప్రభువా, నాకు రెండోది వద్దు, ఈ ఒక్కదాన్నే చూసుకో, భయంగా ఉంది." బేరమాడకుండా నేను చేసిన మొదటి ప్రార్థన అది.

క్యాన్సరే. ఆపరేషను చేశారు. గుడాఖు కోసం ప్రాణం లాగిన రోజుల్లో పిన్ని కొట్లో స్టూలేసుకుని కూర్చుని, "ఈ దీదీ గుడాఖుకని వెనక గదిలోకెళ్తే నాకు సెప్పండి" అని కొనేవాళ్ళనే కాపలా పెట్టింది. అలవాటు పోయింది, ఏడాదైనా రోగం తిరగబెట్టలేదు, దేవునికే మహిమ. మచ్చనో, పగనో, పశ్చాత్తాపాన్నో రేపటికి దాచుకున్నవాళ్ళుంటే ఈ పూటే ఆయన్ని నమ్మండి, ఈ పూటే ఆస్పత్రికీ వెళ్ళండి.

ఇక నాకైన ఖర్చు దాచకుండా చెబుతాను. మచ్చ కనబడ్డాక పద్నాలుగు నెలలు ఆలస్యం చేశాను. చెప్పిన వారమే వెళ్ళుంటే చిన్న గాటుతో పోయేదట. ఎడమ బుగ్గ లోపలంతా తీసేశారు, నాలుగు పళ్ళు పోయాయి, నోరు రెండు వేళ్ళ మందమే తెరుచుకుంటుంది, ఆవకాయ ముట్టలేను, పాటలో పై స్వరం అందదు. ప్రాణం ఆయన మిగిల్చాడు. పోయినవి ఆయన తీసుకున్నవి కావు, నేను పోగొట్టుకున్నవి.