వంటింట్లోంచి విన్న ఫుట్‌బాల్

పోయిన శనివారం పొద్దున్న పెసరట్టు తిరగేస్తుండగా మా అమ్మాయి జెర్సీ సిటీ నుంచి ఫోన్ చేసింది. శనివారం పూట అది ఆ వేళకి లేవడమే ఒక వింత, లేచి నాకు ఫోన్ చేసిందంటే ఉద్యోగమైనా పోయి ఉండాలి, పెళ్ళైనా కుదిరి ఉండాలి అనుకున్నాను. రెండూ కాదు. ఇంగ్లండ్‌లో మా బావగారు ప్రాణం పెట్టుకున్న ఫుట్‌బాల్ క్లబ్బుని నడపలేక మూసేశారట, గ్రౌండుని ఎవరో బిల్డర్లు కొనుక్కున్నారట, అక్కడ ఇళ్ళు కడతారట. "అమ్మా, పెదనాన్నకి నువ్వు చెప్పవా? నాకు రాదు అట్లా చెప్పడం," అంది, తన అమెరికా యాసలో, చిన్నప్పుడు జ్వరం వస్తే మాట్లాడే గొంతుతో. చెబుతాలే అని పెట్టేశాను. వారం తిరిగొచ్చింది, ఇంకా చెప్పలేదు.

నా ఈడువాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు, ఎక్కడో ఇంగ్లండ్‌లో ఒక క్లబ్బు మూతపడితే దీనికేం వచ్చింది అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకోవాలి నిజానికి, ఎందుకంటే ఆ జట్టు ఆడిన ఆటల్లో నేను కళ్ళారా చూసింది ఒకే ఒక్కటి, అదీ సగమే. కానీ ఆ క్లబ్బు పుట్టుపూర్వోత్తరాలు, గెలిచిన కప్పు, ఓడిన ఫైనలు, గోల్‌కీపర్ల పేర్లు, మేనేజర్ల కోపాలు అన్నీ నాకు వచ్చు. పోపు వేస్తూ, కూర తరుగుతూ, గిన్నెలు కడుగుతూ నేర్చుకున్న చదువు అది, ఇప్పుడు మరిచిపోదామన్నా పోదు.

మేం న్యూజెర్సీలో, పార్సిప్పనీలో కాపురం పెట్టిన కొన్నేళ్ళకి మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, ఇంగ్లండ్‌లో ఉద్యోగం వదిలి ఇక్కడికి వచ్చారు. ఆయన, మా తోడికోడలు, మా అపార్ట్‌మెంట్లలోనే పార్కింగ్‌ లాట్‌కి అవతలి బిల్డింగులో దిగారు. తోడికోడల్ని నేను అక్కా అనే పిలుస్తాను. వాళ్ళకి పిల్లలు లేరు, అందుకని మా అమ్మాయి రెండిళ్ళలోనూ సమానంగా పెరిగింది, హోంవర్కు ఇక్కడా గారాలు అక్కడా. మా బావగారిది పాతకాలపు మర్యాద. తమ్ముడి భార్యతో ముఖాముఖి మాట్లాడే అలవాటు లేదు. ఉప్మాలో ఉప్పు తక్కువైందన్నా, కారు టైరులో గాలి తగ్గిందన్నా ఆ మాట అక్క మీదుగా వచ్చేది. నేను పక్కనే నిలబడి వింటున్నా సరే, "అమ్మాయితో చెప్పు" అనేవారు.

ఆయన ఇంగ్లండ్‌లో ఉన్న ఊరు ఒకప్పుడు నూలు మిల్లుల ఊరట. మిల్లు కూలీలే శనివారం మధ్యాహ్నాలు ఆడుకోవడానికి ఆ క్లబ్బు పెట్టుకున్నారు. జెండా మీద నాడె బొమ్మ ఉంటుంది, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె. చీరాల దగ్గర నేతవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి, చలిదేశంలో బస్సు దిగి గోడ మీద ఆ బొమ్మ చూస్తే ఏమవుతుంది? మా బావగారు ఆ వారమే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళారు. జట్టు చిత్తుగా ఓడిపోయింది, ఈయన మనసు పారేసుకుని ఇంటికొచ్చారు. అంతకుముందు ఆయనకి ఫుట్‌బాల్ గురించి తెలిసింది కాలితో తన్నుతారని మాత్రమే.

ఇక రికార్డులు. రికార్డులంటే గెలుపులని అనుకునేదాన్ని నేను, ఈయన చెప్పేదాకా. ఆ క్లబ్బు ఎప్పుడో మన తాతల కాలంలో ఒక్కసారి పెద్ద కప్పు గెలిచింది. తర్వాత మళ్ళీ ఒకసారి ఫైనల్‌కి వెళ్ళి, తమ గోల్లో తామే బంతి వేసుకుని ఓడిపోయింది. అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టినాయన పొద్దున మాంసం కొట్టులో పనిచేసి మధ్యాహ్నం ఆటకి వచ్చేవాడట. అందరికంటే ఎక్కువ ఆటలు ఆడిన గోల్‌కీపరు చివరి ఆటలో చెయ్యి విరిగినా మైదానం వదలలేదట. ఏడాది చివర అడుగున మిగిలిన జట్లని కింది డివిజన్‌కి, ఆఖరి డివిజన్‌లోనైతే లీగ్ బయటికే తోసేస్తారట. అలా పై డివిజన్‌లోంచి కిందికి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి జారుతూ వచ్చినా, పుట్టిన దగ్గర్నుంచీ లీగ్‌లోంచి మాత్రం ఎన్నడూ బయటికి పోలేదు. ఆ ఊళ్ళో అందరికీ మిగిలిన గొప్ప అదొక్కటే. భోజనాల దగ్గర మా బావగారు ఈ మాట చెప్పేటప్పుడు అన్నం కలపడం ఆపేసేవారు.

ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం ఆట అంటే మాకిక్కడ పొద్దున్న ఫలహారాల వేళ. మొదట్లో బొమ్మ లేదు, కంప్యూటర్‌లో రేడియో కామెంటరీ వచ్చేది, గరగరమంటూ. వాళ్ళ ఇంట్లో ఇంటర్నెట్ నెమ్మదని బావగారు మా ఇంటికే వచ్చేవారు. మొదటి శనివారం నేను కాఫీ పట్టుకుని హాల్లోకి వెళ్ళాను, అవతలివాళ్ళు గోల్ కొట్టారు. ఆ పై వారం గ్లాసులు తీసుకుపోదామని వెళ్ళాను, మళ్ళీ కొట్టారు. నేను తిరిగొచ్చి పొయ్యి దగ్గర నిలబడ్డానో లేదో మనవాళ్ళు స్కోరు సమం చేశారు. అంతే, మా అక్క వంటింట్లోకి వచ్చి, నవ్వు ఆపుకుంటూ, "ఆట అయ్యేదాకా నిన్ను ఇక్కడే ఉండమంటున్నారే మీ బావగారు," అంది.

మన ఇళ్ళలో క్రికెట్టు చూసేటప్పుడు వికెట్ పడుతుందని మనుషుల్ని కదలనివ్వకుండా కూర్చోబెట్టడం అందరికీ తెలిసిందే. నన్ను కూర్చోబెట్టినా బాగుండేది, నిలబెట్టారు. నేను అప్పట్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసేదాన్ని, రెండుసార్లు జరిగినదాన్ని రూలంటే నా మేనేజర్ నవ్వుతాడు. అందుకని ఒకసారి పరీక్ష చేద్దామని, చెప్పకుండా హాలు తలుపు చాటున నిలబడ్డాను. అవతలివాళ్ళకి పెనాల్టీ వచ్చింది. చప్పుడు చేయకుండా పొయ్యి దగ్గరికి వచ్చేశాను, ఆ తర్వాత పరీక్షల జోలికి పోలేదు.

అలా ఏళ్ళు గడిచాయి. బావగారు కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడైతే కార్నర్ వచ్చిందని, మా ఆయన అరిస్తే గోల్ అని, ఇద్దరూ అరవకపోతే గోల్ మన మీద పడిందని తెలిసేది నాకు. కొన్నాళ్ళకి బొమ్మ కూడా రావడం మొదలైంది, టీవీ పెద్దదైంది, మేం ఇల్లు కొనుక్కున్నాం, వంటింట్లో నా చోటు మాత్రం మారలేదు. విసుగు రాలేదని చెప్పను. వారమంతా ఆఫీసు, శనివారం ఈ కాపలా. కానీ గెలిచిన రోజున అక్క పరుగెత్తుకొచ్చి నా బుగ్గలు పుణికేది, ఎక్కడో సముద్రానికి అవతల పదకొండు మంది బురదలో గెలిచింది నేను మినప్పిండి దగ్గర కదలకుండా నిలబడినందువల్లే అన్నట్టు. నిజం చెప్పొద్దూ, నేనూ కాస్త నమ్మాను. ఆ జట్టు ప్రతి ఏడూ ఆఖర్న పడబోయి నిలదొక్కుకునేది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. మా ఆయన ముందొచ్చాడు కాబట్టి గ్రీన్ కార్డ్ వరస అంత పెరగకముందే మా పని అయిపోయింది. బావగారు ఇంగ్లండ్‌లో ఉండిపోయిన ఆ ఏళ్ళలోనే ఇక్కడి వరస చాంతాడంత పెరిగింది. ఆయనకి ఆ జట్టుని ఇచ్చిన ఏళ్ళే ఆయన్ని లైన్లో వెనక్కి తోశాయన్నమాట. పౌరసత్వం వచ్చాక మా ఆయన అన్న కోసం వేసిన కాగితాల వరస ఇంకా పొడుగు. అయినా ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. వీసా పొడిగించుకుంటూ, ప్రాజెక్టులు మారుతూ, గడ్డం తెల్లబడ్డా ఒక్కటే చెప్పుకునేవారు: "ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఔట్ ఆఫ్ స్టేటస్ లేనురా." వీసా తప్పి ఒక్కరోజూ ఉండలేదన్న ఆ మాట చెప్పేటప్పుడు కూడా అన్నం కలపడం ఆపేవారు.

రిటైర్మెంటు వయసు దగ్గర పడుతుండగా ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదలాలి. ఆ వయసులో కుర్రాళ్ళ ముందు కూర్చుని ఇంటర్వ్యూలు ఇచ్చారు, అల్లుళ్ళ వయసు వాళ్ళని సర్ అని పిలిచారు. జెర్సీ అయిపోయాక వర్జీనియా వెతికారు. చివరికి షాంటిలీలో ఒక చిన్న కంపెనీ దగ్గర ఆశ మిగిలింది, రెండుసార్లు మాట్లాడారు, వారాంతంలోగా చెబుతామన్నారు. అదే శనివారం ఆ సీజన్‌లో ఆఖరి ఆట. గెలిస్తే జట్టు లీగ్‌లో ఉంటుంది, లేకపోతే క్లబ్బు పుట్టాక మొదటిసారి బయటికి. బావగారు రెండిటికీ ముడిపెట్టేశారు. వాళ్ళు నిలబడితే నేనూ నిలబడతాను అని మా ఆయనతో అన్నారట. ఇలాంటి ముళ్ళు వేయొద్దని అక్క ఆయన మీద కేకలేసింది కూడా.

ఆ పొద్దున్న నేను ఎవరూ చెప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయాను. దోసెలు పోస్తానన్న పేరే గానీ, ఒక్కటీ సరిగ్గా రాలేదు. హాల్లో మాట లేదు, కుర్చీ చప్పుడు లేదు. సగం ఆట అయ్యేసరికి ఎవరూ గోల్ కొట్టలేదని కామెంటరీని బట్టి అర్థమైంది. చాలు, ఇంకో సగం నేనిలా నిలబడితే ఏదో ఒకటి అవుతుందని, నవ్వకండి, నిజంగా అనుకున్నాను.

రెండో సగం మొదలవుతుండగా హాల్లోంచి పిలుపు. అక్క గొంతు కాదు. "అమ్మాయ్, నువ్వు కూడా రామ్మా. వచ్చి కూర్చో."

నా చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. అన్నేళ్ళలో ఆయన నన్ను నేరుగా పలకరించడం అదే మొదలు. ఆట ఇంకా సమంగానే ఉంది, సగం మిగిలే ఉంది, ఇప్పుడు నన్ను పిలవడమేమిటి? అడుగు వేయబోతూ ఉండగా తట్టింది, షాంటిలీ వాళ్ళు కాదన్నారని. తర్వాత తెలిసింది, పొద్దున్నే ఈమెయిల్ వచ్చిందట, ఎవరికీ చెప్పకుండా జేబులో వేసుకుని మా ఇంటికి వచ్చి కూర్చున్నారు. నేను వెళ్ళకూడదనుకున్నాను. పని ఉంది బావగారూ అందామనుకున్నాను. "ఇంకేం ఫర్వాలేదమ్మా, రా," అన్నారు మళ్ళీ, ఎంతో మెత్తగా.

వెళ్ళి సోఫా అంచున కూర్చున్నాను. తెర మీద సన్నటి వాన, నేను పేర్లతో ఎరిగిన మనుషులు మొదటిసారి మొహాలతో కనబడ్డారు. బావగారు నాకు ఒక్కొక్కణ్ణీ చూపించారు, వీడు కుంటుతూ ఆడతాడు, వాడికి తండ్రి లేడు, ఆ మూల నిలబడి చూసే ముసలాళ్ళు తరతరాలుగా అక్కడే నిలబడతారు అని, చుట్టాలింటి పెళ్ళి ఫోటోలు చూపించినట్టు. ఆట చివర్లో అవతలివాళ్ళు గోల్ కొట్టారు. అక్క కళ్ళు తుడుచుకుంది. మా ఆయన రిమోట్ తీసుకోబోతే బావగారు ఆపి, ఆ ముసలాళ్ళు లేచి చప్పట్లు కొట్టి బయటికి వెళ్ళేదాకా చూశారు. తర్వాత దోసెలున్నాయా అని అడిగారు, నన్నే.

రోజుల్లోనే సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు గుంటూరులో ఒక ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఆ జట్టు మళ్ళీ లీగ్‌లోకి ఎక్కలేదు, ఆయన మళ్ళీ దాని పేరెత్తలేదు. మా ఆయన వేసిన కాగితాలు ఇంకా ఆ వరసలోనే ఉన్నాయి, వాటి సంగతి కూడా అడగరు.

ఇంతవరకు రాసి, ఇక దాటేయలేక ఇవాళ ఫోన్ చేశాను. ఇప్పుడు బావగారు నాతో బాగానే మాట్లాడతారు. అక్క మధ్యలో ఉండనక్కర్లేదు. క్లబ్బు మూసేశారట బావగారూ అన్నాను. "అట్నా," అన్నారు. అక్కడ మీకు చలి తగ్గిందా అని అడిగారు. తగ్గిందన్నాను.

ఇప్పుడు టీవీలో రోజంతా ఏవో ఆటలు వస్తూనే ఉంటాయి, పెద్ద పెద్ద క్లబ్బులు, గెలిచే క్లబ్బులు. మా అమ్మాయి వచ్చినప్పుడు ఫోన్‌లో స్కోరు చూసి పక్కన పెట్టేస్తుంది. శనివారం పొద్దున్న నేను హాల్లో ఎక్కడైనా కూర్చోవచ్చు, కాళ్ళు చాపుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. నేను కదిలితే ఒకరి బతుకు కదిలిపోతుందని నమ్మినవాళ్ళు ఒకప్పుడు ఈ ఇంట్లో ఉండేవాళ్ళు. ఇప్పుడు నేనెక్కడ కూర్చున్నా ఎవరికీ ఏమీ కాదు.